కుడి చెవి వైపు

వంటింటి బల్ల దగ్గర్నుంచి,
ఆదివారం.

ఒరే చిట్టీ,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేంటి అనుకుంటున్నావా? ఈ రెండు గదుల ఇంట్లో ఎక్కడ నిలబడి మాట్లాడినా మీ బావ పక్కనే ఉంటారు. ఆయన గురించి ఆయన ఎదురుగా ఏం చెప్పను? పైగా నువ్వు ఫోన్ ఎత్తేసరికి నా కోపం సగం చల్లారిపోతుంది. అందుకని వేడిగా ఉండగానే రాస్తున్నాను. నువ్వు మాత్రం తీరిగ్గా చదువు.

బట్టల మిల్లు మూసేసినప్పుడు అక్కడ పనిచేసే మీ బావకి ఒక నల్ల పెట్టె కట్టిచ్చావు గుర్తుందా, హెడ్‌ఫోన్లు గుచ్చుకునేది? దాంతోపాటు పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లు కూడా ఇచ్చావు. అవి తల నొక్కేస్తున్నాయని ఆయన అటక మీద పడేశారు. చెవిలో దూర్చుకునే చిన్నవి కొనుక్కున్నారు. అప్పట్నుంచీ రోజూ ఇదే వరస. భోజనం అవుతుంది, కిటికీ దగ్గర కుర్చీలో కూలబడతారు, పెట్టె స్విచ్ వేస్తారు, ఎడమ చెవిలో ఒకటి దూర్చుకుంటారు. రెండోది చొక్కా మీద వేలాడుతూ ఉంటుంది. అదేంటండీ, రెండోది పెట్టుకోరేం అంటే "ఒకటి చాలు" అంటారు. పెట్టె మీద గుండ్రటి మీట ఉంది కదా, దాని మీద దుమ్ము తుడిచేది నేనే. ఆయన దాన్ని తిప్పగా నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి పెట్టుకున్నారంటే ఇక ఈ లోకంలో ఉండరు.

నేను పక్క కుర్చీలో కూర్చుని కర్టెన్లకి అంచులు కుడుతూ ఉంటాను. నా నోరు ఊరుకోదు కదా, ఏదో ఒకటి వాగుతూనే ఉంటాను. నిన్న పచ్చ కర్టెన్లావిడ గురించి చెప్పాను. ఆవిడకి ఎదురింట్లో ఉండే సొంత చెల్లెలితో మాటల్లేవట. చెల్లెలి కిటికీ కనపడకూడదు, వెలుగు మాత్రం రావాలి, అలాంటి గుడ్డ తెమ్మని నా ప్రాణం తోడేసింది. చెబుతూ నేనే పడీపడీ నవ్వాను. ఆయన "ఊ" అన్నారు. ఆ "ఊ" నాకో, ఆయన వినే పాటకో తెలీదు.

ఏడుపొస్తోందిరా చిట్టీ. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో మనిషి ఉన్నాడు, నాకు మాత్రం ఎవరూ లేనట్టుంది.

అందుకని ఒక ఆలోచన వచ్చింది. నీ పెట్టెలో ఏం పాటలొస్తాయో గానీ, అవి నేనూ వింటాను. దానికి ఇంకో కన్నం పెట్టగలవా? ఆయన వైరు పక్కన నా వైరు. అటక మీది పెద్దవి దింపి నేను పెట్టుకుంటాను. ఆయన మాట్లాడకపోతే మానె, ఇద్దరం ఒకే పాట వింటాం కదా. ఇది కూడా కుదరకపోతే నా దారి నేను చూసుకుంటాను. ఉత్తుత్తి మాట కాదు. ఇంకో పాతికేళ్లు ఈ "ఊ"తో బతకడం నా వల్ల కాదు.

అక్క


షాపు నుంచి,
గురువారం.

అక్కా,

నీ ఉత్తరం చూసి ముందు భయపడ్డాను, తర్వాత నవ్వాను, చివరికొచ్చేసరికి మళ్లీ భయపడ్డాను. "నా దారి నేను చూసుకుంటాను" అని నువ్వు ఇదివరకు అన్నప్పుడు మనం ఇంకా బడికి వెళ్తున్నాం. అమ్మ మీద అలిగి అన్నావు. అని ఊరుకున్నావా? గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్నావు. అనడమంటూ అంటే చేసే రకం నువ్వు.

రెండో సాకెట్ పెట్టడం పెద్ద పనేం కాదు. కానీ ఊరికే కన్నం పొడిస్తే సరిపోదు. ఎందుకో చెప్తాను, విసుక్కోకు, నాకు ఇవి చెప్పుకోడానికి ఎవరూ దొరకరు.

హెడ్‌ఫోన్లన్నీ ఒక్కలాంటివి కావు. నీ అటక మీదున్నవి మొద్దువి. బాగా తోస్తే గానీ కదలవు. బావ చెవిలో పెట్టుకునేవి మహా సుకుమారం, ఊదితే ఉలిక్కిపడతాయి. దీన్నే మేం సెన్సిటివిటీ అంటాం. యాంప్లిఫయర్, అంటే ఆ నల్ల పెట్టె, ఏం చేస్తుందంటే, లోపలికి వచ్చిన దాన్ని కొన్ని రెట్లు పెంచి బయటికి తోస్తుంది. ఎన్ని రెట్లు అనేది గెయిన్. ఆ పెట్టె నేను మొద్దువాటి కోసం కట్టాను కాబట్టి గెయిన్ బాగా పెంచి పెట్టాను. బావ అందులో చిన్నవి గుచ్చుకుంటే ఏమవుతుంది? మీట పిసరంత తిప్పగానే చెవులు పగలాలి. పాట లేనప్పుడు కూడా "స్‌స్" అని సన్నగా రొద వస్తుంది. అది యాంప్ లోపల పుట్టే రొద, మీట మొత్తం తగ్గించినా పోదు. గెయిన్ తగ్గించి ఇస్తాను పంపు బావా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! నవ్వి ఊరుకున్నాడు. నేను కట్టిన దాన్ని అలా వాడుతుంటే నాకు ఒళ్లు మండేది.

ఇప్పుడు ఒకే గెయిన్ మీద ఇద్దరూ వింటే నీకు గుసగుస, ఆయనకి గావుకేక. అందుకే ఇద్దరికీ వేరువేరుగా కట్టాలి. ఆయనకి తక్కువ, నీకు ఎక్కువ. పంపించు, వారంలో ఇచ్చేస్తాను.

అన్నట్టు, మా వీధి చివర కర్టెన్ల షాపాయన కటింగు చూసుకునే మనిషి కోసం వెతుకుతున్నాడు. నీ గురించి ఒక మాట చెవిలో వేశాను. ఊరికేనే. అమ్మ గది అలాగే ఉంది, నిండా నా పాత సామానే.

నేనెలా ఉన్నానని అడిగావా? అడగలేదులే. ఈ వారమంతా వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. అది వాత పెడుతుంది గానీ జవాబివ్వదు.

చిట్టి


వంటింట్లోంచే,
శనివారం.

చిట్టీ,

పెట్టె లారీ ఆఫీసులో వేశాను, ఈపాటికి అందే ఉంటుంది. సాకెట్ వదులైంది, బాగు చేయించాలి అని ఆయనకి చెప్పాను. రెండో కన్నం సంగతి చెప్పలేదు, చూసి ఆశ్చర్యపోవాలని. "ఎన్నాళ్లు పడుతుంది?" అన్నారు. వారం అన్నాను. సాయంత్రం మళ్లీ అదే ప్రశ్న. మర్నాడు పొద్దున మళ్లీ. ఏనాడూ ఏదీ అడగని మనిషి ఒక పెట్టె కోసం ఇంతలా అడుగుతుంటే నాకు కాస్త కడుపు మండింది, నిజం చెప్పొద్దూ.

కానీ అసలు సంగతి విను. పెట్టె వెళ్లిన మర్నాటి నుంచీ ఏమైందో ఏమో, భోజనం కాగానే కుర్చీ ఈడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చేస్తున్నారు! ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య ఇరుకులో కుర్చీ వేసుకుని, ఎడమ వైపు ఫ్రిజ్‌కి తల ఆనించి కూర్చుంటున్నారు. నేను కుడి వైపు గట్టు దగ్గర గిన్నెలు తోముకుంటూ, నా వాగుడు నేను వాగుతున్నాను. హాల్లో బాగానే ఉంటుంది కదా, ఇక్కడెందుకు ఇరుకులో అంటే, "ఇక్కడే బాగుంది" అన్నారు. ఇక్కడే బాగుందట!

నిన్నయితే నవ్వారు కూడా. మెట్లింటి ముసలాయనకి కర్టెన్ తలకిందులుగా తగిలించి వచ్చాను, పువ్వులన్నీ నేల చూపులు చూస్తున్నాయి అని చెబుతున్నానా, పక్కనుంచి పకపకా నవ్వు. చేతిలో గిన్నె జారిపోయింది నాకు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

నువ్వు తొందరపడకు. పెట్టె నిదానంగా చెయ్యి. నెల పట్టినా ఫరవాలేదు.

అక్క


(పెట్టెతో పాటు)

అక్కా,

నిదానంగా చెయ్యమన్న ఉత్తరం అందేసరికే పని అయిపోయింది. పూర్తయిన పని బల్ల మీద పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు, పంపించేస్తున్నాను.

ఎడమ సాకెట్ బావది, కుడిది నీది. గుర్తుగా నీ దానికి ఎర్ర చుక్క పెట్టాను. బావ వైపు గెయిన్ బాగా దించేశాను, నీ వైపు పాతదే ఉంచాను. రొద చచ్చిపోయింది. బావవైపు చిన్నవి గుచ్చుకుని కూర్చుంటే, స్విచ్ వేశానా లేదా అని నేనే రెండుసార్లు చూసుకున్నాను. ఇంత శుభ్రమైన పని ఈ మధ్య చెయ్యలేదు. ఎవరికైనా చూపిద్దామంటే షాపులో ఎవరూ లేరు.

మీటకి పక్కనే ఉన్న లైటు కూడా మార్చాను. బావ మొహం ఎలా మారిందో రాయి.

చిట్టి


బల్ల దగ్గర్నుంచి,
సోమవారం.

చిట్టీ,

మారింది. రాయమన్నావు కదా, రాస్తున్నాను.

భోజనం కాగానే పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన మొహం వెలిగిపోయింది. గబగబా చెవిలో దూర్చుకున్నారు. నేను కూడా పెద్దవి తలకి తగిలించుకుని ఎర్ర చుక్క కన్నంలో గుచ్చాను. ఎంత సంబరంగా గుచ్చానో చెప్పలేను. "ఇద్దరం విందామండీ" అన్నాను. ఆయన స్విచ్ వేశారు.

ఏమీ లేదు. నాకు ఏమీ రావడం లేదు. మీట అటూ ఇటూ తిప్పాను. ఆయన చెవిలోంచి తీసి చూశారు, మళ్లీ పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. "మీ తమ్ముడు దీన్ని చంపేశాడు" అన్నారు. పాట పెట్టండి మరి అన్నాను. అప్పుడు నా వైపు చూసి, "ఇందులో పాట లేదు. ఎప్పుడూ లేదు" అన్నారు.

అర్థమవుతోందా నీకు? వెనకాల దేనికీ కలపలేదు ఆ పెట్టెని. ఇన్నేళ్లూ కలపలేదు. నాకేం తెలుసు, రేడియోలాగా పాటలు అందులోంచే వస్తాయనుకున్నాను. మరి ఏం వింటున్నారు ఇన్నాళ్లూ అని అడిగాను. నిజంగానే అరిచాను. "ఏమీ లేదు" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఏమీ వినడం లేదు చిట్టీ. నా మాట వినపడకుండా చెవిలో బిరడా పెట్టుకున్నారు, అంతే. పాటలు ఇష్టమై నన్ను మర్చిపోయారు అనుకుంటే ఒకలా ఉండేది. నా నుంచి తప్పించుకోడానికి ఖాళీ పెట్టెకి వైరు తగిలించుకుని కూర్చున్నారు. ఆ చావు నిశ్శబ్దం నేను ఈ చెవులతో విన్నాను.

మూడు రోజులు ఒక్క మాట మాట్లాడలేదు నేను. ఆయన మళ్లీ ఫ్రిజ్ పక్కన చేరారు. పోనీలే, నా దగ్గరికే వస్తున్నారు కదా అని మనసు కాస్త మెత్తబడింది. నిన్న ఫ్రిజ్ కడుగుదామని స్విచ్ ఆపాను. ఆపానో లేదో, లేచి నిలబడ్డారు. చేత్తో ఎడమ కణత నొక్కుకుంటూ బయటికి వెళ్లిపోయారు. అప్పుడు తెలిసింది, ఆయన వంటింట్లోకి వచ్చింది నా కోసం కాదని. గిన్నె జారిపోయేంత సంబరపడ్డానే, సిగ్గేస్తోంది తలుచుకుంటే.

ఆ కర్టెన్ల షాపాయనకి చెప్పు, వస్తున్నానని. ఈ నెలాఖరు లోపు చేతిలో ఉన్న కర్టెన్లు ఇచ్చేస్తాను. అమ్మ గది ఖాళీ అవుతుందా?

అక్క


అమ్మ గది నుంచి,
శుక్రవారం.

అక్కా,

ఎక్కడ కూర్చుని రాస్తున్నానో చూశావా! సామానంతా బయటికి లాగేశాను. సగం పాత ఇనప సామాను వాడికిచ్చేశాను, వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. గోడలకి సున్నం వేయించాను. నీకు పొద్దుటి ఎండ కళ్లలో పడితే చిరాకు కదా, మంచం అటు తిప్పాను. కిటికీకి కర్టెన్ లేదు, అది నీ పనే.

షాపాయన సరే అన్నాడు. పని పదింటికి మొదలు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావొచ్చు. నేను కూడా అదే వేళకి షాపు మూసి వస్తాను. అన్నం నేనే వండుతాను, నువ్వు వంకలు పెట్టకు. స్టవ్ బాగు చేయించాను. రెండు కొత్త కంచాలు కొన్నాను. ఇన్నాళ్లూ ఒకటే ఉండేది, కడిగి మళ్లీ అందులోనే తినేవాణ్ణి.

పెట్టె సంగతి నువ్వు వచ్చాక తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇప్పుడు దాని గురించి బుర్ర పాడు చేసుకోకు.

గది బాగుంది అక్కా. నీకు నచ్చుతుంది.

చిట్టి


షాపు నుంచి,
తర్వాతి గురువారం.

అక్కా,

బస్సు టికెట్ కొనేసి ఉంటే జేబులో పెట్టుకో. ముందు ఒక పని చెయ్యి.

దీంతోపాటు ఒక తుప్పు పట్టిన పెట్టె పంపుతున్నాను. బావ పెట్టెకి ముందు నేను నమూనాగా కట్టింది. లోపల అంతా అదే, గెయిన్ తగ్గించలేదు. నీ ఎర్ర చుక్క కన్నంలో గుచ్చినా సరిపోయేదేమో గానీ, నేను చెడగొట్టిన ఆ పెట్టె మీద నాకిక నమ్మకం లేదు. బావ చెవిలో పెట్టుకునే చిన్నవి దీనికి గుచ్చి, నీ చెవిలో పెట్టుకుని స్విచ్ వెయ్యి. పెద్దవి కాదు, చిన్నవి. వెనకాల ఏమీ కలపకు. మీట ముట్టుకోకు.

"స్‌స్" అని వస్తుంది. ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టు ఉంటుంది. బావ ఇన్నేళ్లూ వింటున్నది అదే అక్కా. నువ్వు పెద్దవాటితో విన్నావు. అవి మొద్దువి అని చెప్పాను కదా, అంత సన్నటి రొద వాటిని కదిలించలేదు. అందుకే నీకు నిశ్శబ్దంగా ఉంది. బావకి కూడా నిశ్శబ్దంగా ఉందంటే అది నా వల్ల. ఆయన కావాలనుకున్న ఒకే ఒక్క శబ్దాన్ని నేను శుభ్రం చేసి పారేశాను, పైగా మొహం ఎలా మారిందో రాయమన్నాను.

మగ్గాల షెడ్డులో ఏళ్లతరబడి పనిచేసినవాళ్లకి చెవిలో మోత పట్టుకుంటుందట. బయట ఏ శబ్దం లేకపోయినా లోపల మోగుతూనే ఉంటుందట. పక్కన ఇంకేదైనా సన్నటి శబ్దం ఉంటే కాస్త ఓర్చుకోగలరట. ఫ్రిజ్ మోటారు కూడా అందుకే అయి ఉంటుంది. నువ్వు స్విచ్ ఆపగానే కణత నొక్కుకున్నాడని రాశావు చూడు, నాకు ఆ మాట వదలడం లేదు.

నా ఊహ తప్పు కావచ్చు. ఒక్కసారి ఆయన్ని అడుగు. అరవకుండా అడుగు. నిజమైతే చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, ఇది నా పెట్టెతో పోయేది కాదు.

ఆ తర్వాత నీ ఇష్టం. సున్నం ఆరిపోయింది, గది ఎక్కడికీ పోదు.

చిట్టి


కిటికీ దగ్గర్నుంచి,
మంగళవారం.

ఒరే చిట్టీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. చిన్నవి నా చెవిలో పెట్టుకున్నాను. వచ్చింది. నువ్వన్నట్టు దూరపు వానే. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఎడమ చెవిది తీసి ఆయన చేతికిచ్చాను. పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. భుజాలు కిందికి దిగాయిరా, బరువు దింపుకున్నవాడిలా.

మీ చెవిలో ఏం మోగుతోంది అని అడగాలని అనుకుని, "చెవి నొప్పా అండీ?" అన్నాను. 

"నొప్పి కాదు. మగ్గాలు" అన్నారు. "మిల్లు మూసేశారు గానీ ఈ చెవిలో షిఫ్టు దిగలేదే." నవ్వుతూనే చెప్పారు. ఎడమ చెవిలో ఎక్కువట, ఫిట్టర్‌గా ఉన్నప్పుడు మిషన్ల మీదికి వంగేది అటువైపే. ఆ మోతలో నా గొంతు కలిసిపోతుందట. ఏదో అంటున్నానని తెలుస్తుంది గానీ మాట విడివిడిగా తెలీదట. నీ పెట్టె రొద ఎడమ చెవిలో పెట్టుకుంటే మోత వెనక్కి జరుగుతుందట. అప్పుడు కుడి చెవికి నేను వినపడతానట.

నేను ఎప్పుడూ కూర్చునేది ఆయనకి కుడి వైపే చిట్టీ. ఆ రెండోది చొక్కా మీద వేలాడేది అందుకు.

ఎంత సేపు ఏడ్చానో. మరి చెప్పొచ్చు కదండీ, చెబితే నోరు అరిగిపోతుందా అని కొట్టినంత పని చేశాను. "చెబితే నా చెవులకి ఇబ్బందని నువ్వు మాట్లాడటం మానేస్తావు. ఇంక ఈ ఇంట్లో వినడానికి నాకేముంది?" అన్నారు. మరి ఎప్పుడూ "ఊ" తప్ప ఇంకో మాట అనరేం అంటే, "నువ్వు సందిస్తే కదా!" అన్నారు. ఏడుపులో నవ్వొచ్చింది, ముక్కు చీదుకోవాల్సి వచ్చింది.

కాసేపయ్యాక ఆయనే అడిగారు, "ఆ పచ్చ కర్టెన్లావిడ చెల్లెలితో మాట్లాడిందా ఇంతకీ?" అని. నేను ఎప్పుడో చెప్పి వదిలేసింది! అది ఒక్కటే కాదు, పిల్లి చింపేసిన తెర సంగతి, ఊదారంగు తెచ్చి నీలమని బుకాయించిన బట్టల కొట్టువాడి సంగతి, నేను మర్చిపోయినవి కూడా వరసపెట్టి చెప్పారు. గోడకి చెప్పుకున్నానని అనుకున్నవన్నీ ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి.

నేను రావడం లేదు చిట్టీ. షాపాయనకి నువ్వే సర్దిచెప్పు. వచ్చే వారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. నేను మాత్రం మాట్లాడటం మానను, ఆ భయం పెట్టుకోవద్దని ఆయనతో చెప్పాను.

ఇంక నీ సంగతి. నా కోపం ఉత్తరం చదవగానే నీకు అంతా తెలిసిపోయి ఉంటుంది. పెద్దవాటితో విన్నానని రాశాను, పాట లేదని రాశాను, ఫ్రిజ్ గురించి రాశాను. నీ వృత్తే అది, తెలియకుండా ఎలా ఉంటుంది? ముందు గదికి సున్నం వేశావు, తర్వాత నిజం రాశావు. మధ్యలో ఆ గది గురించి రాసిన ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. రెండు కంచాలు కొన్నానని రాశావు చూడు, అక్కడ నాకు తెలిసిపోయింది.

నాకు కోపం లేదురా. ఫ్రిజ్ కోసం వచ్చి కూర్చున్న మనిషిని నా కోసమే వచ్చాడనుకుని మురిసిపోయినదాన్ని నేను. మనిషి కోసం మొహం వాచిపోతే ఎలా ఉంటుందో నన్ను అడుగు. అయినా నువ్వు రెండో ఉత్తరం రాశావు. రాయకపోయి ఉంటే నేను ఈపాటికి ఆ మంచం మీద కూర్చుని నీ వంటకి వంకలు పెడుతూ ఉండేదాన్ని, ఈయన ఇక్కడ ఫ్రిజ్‌కి తల ఆనించి ఉండేవారు.

నల్ల పెట్టె తిరిగి పంపుతున్నాను. నువ్వు చంపినదాన్ని నువ్వే బతికించు. నీ తుప్పు పెట్టెతో ఈలోపు గడుపుకుంటాం.

అక్క


అమ్మ గది నుంచి,
ఆదివారం.

అక్కా,

నువ్వు రాసినదానికి నేనేమీ చెప్పను. అన్నీ నువ్వే చెప్పేశావు. చిన్నప్పుడు కూడా నేను నోరు తెరిచేలోపే కనిపెట్టేసేదానివి.

పెట్టె అయిపోయింది. బావ వైపు గెయిన్ పాతదే పెట్టాను, ఇంకాస్త పెంచుకోవాలంటే వెనకాల చిన్న స్విచ్ కూడా ఉంది. కానీ డాక్టరుని అడక్కుండా పెంచొద్దని చెప్పు. ఎర్ర చుక్క సాకెట్ తీసేసి, ఆ కన్నం రేకుతో మూసేశాను. నీకు అది అక్కర్లేదు. నువ్వు వినాల్సింది అందులో ఏమీ లేదు, మాట్లాడాల్సిన దానివి నువ్వు.

కర్టెన్ల షాపాయన ఏమీ అనలేదు. వేరే మనిషి దొరికిందట. రెండో కంచం అలాగే ఉంది, వచ్చినప్పుడు అందులో తిందువు గాని. బావని కూడా తీసుకురా, మూడోది కొంటాను.

పంపేముందు పరీక్ష చెయ్యాలి కదా. భోజనం చేసి ఈ గదిలోకి తెచ్చుకున్నాను. బావ ఎలా పెట్టుకుంటాడో సరిగ్గా అలాగే చూద్దామని, ఎడమ చెవిలో ఒకటి దూర్చుకుని రెండోది చొక్కా మీద వదిలేశాను. స్విచ్ వేశాను. స్‌స్ అని సన్నగా, హాయిగా వచ్చింది. ఎన్నేళ్లుగానో నేను తిట్టుకుంటూ వచ్చిన రొద ఇదేనా అనిపించింది. పక్కన నీ కుర్చీ కూడా వేశాను, కుడి వైపు. చాలాసేపు కూర్చున్నాను అక్కా. కుడి చెవికి ఏమీ వినపడలేదు.

పెట్టెలో లోపం లేదు, రేపు లారీలో వేస్తాను. బావకి సాయంత్రం చెప్పే కబుర్లలో ఏదో ఒకటి నాకు కూడా రాస్తూ ఉండు. పొడుగ్గా రాయి. పచ్చ కర్టెన్లావిడతో మొదలుపెట్టు, చెల్లెలితో మాట్లాడిందో లేదో నువ్వు నాకు చెప్పనేలేదు.

చిట్టి